ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు!

పచ్చళ్ల వ్యాపారానికి పెట్టుబడి ఏమిటని ఎవరినైనా అడగండి. మామిడికాయలు, మిరపకాయలు, ఆవాలు, ఉప్పు, నువ్వులనూనె, నాలుగు జాడీలు అని లెక్క చెబుతారు. అసలు పెట్టుబడి ఒకటి ఈ లెక్కలోకి రానే రాదు. మన సరుకు తిని, మళ్లీ ఏడు కూడా కావాలని అడిగే మనుషుల పేర్లూ, వాళ్ల చిరునామాలూ! కాయలు కుళ్లితే మళ్లీ కొనవచ్చు. నూనె ఒలికితే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఆ పేర్ల పట్టిక పోతే మాత్రం ఏ బజారులోనూ దొరకదు.

ఈ రోజుల్లో ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్న ఆడవాళ్లలో చాలామందికి ఆ పట్టిక సొంత ఇంట్లో లేదు. చీరలమ్మే వారిదీ, రవికలు కుట్టే వారిదీ, పూతరేకులు చుట్టి పంపే వారిదీ అదంతా సామాజిక మాధ్యమాల వారి ఇంట్లో ఉంది. అక్కడ పెట్టడం సుఖంగానే ఉంటుంది. అద్దె అడగరు, కరెంటు బిల్లు ఉండదు, పైగా ఊళ్లూ దేశాలూ దాటి జనం వచ్చి చూస్తారు. ఒక ఉదయం ఆ ఇంటివారు తలుపు వేసేస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను. ఆ ముచ్చట నాకు అనుభవమే.

మాది తణుకు. 2020లో కరోనా రోజుల్లో మావారి జీతం సగమైనప్పుడు పచ్చళ్లు పట్టడం మొదలుపెట్టాను. ఆవకాయ జాడీని ఫోటో తీసి సామాజిక మాధ్యమంలో పెట్టింది మా అమ్మాయి. మొదట హైదరాబాదు నుంచి అడిగారు. తర్వాత బెంగుళూరు, ఆ తర్వాత అమెరికాలో ఉన్న మనవాళ్లు. నాలుగేళ్లు తిరిగేసరికి నా ఖాతాను అనుసరించే వారు 11,000 మంది అయ్యారు. మా వీధిలోని ఇద్దరు ఆడవాళ్లకు కూడా చేతినిండా పని దొరికింది. సీసాల మీద ఆహార భద్రతా సంస్థవారు ఇచ్చిన 14 అంకెల నెంబరు వేసి అమ్మేవాళ్లం. అమ్మాయి ఇంజనీరింగు కాలేజీ ఫీజు ఆ జాడీల్లోంచే వచ్చేది.

2024 మే నెలలో ఓట్లు వేసి వచ్చిన వారంలోనే, మామిడికాయ ముక్కలు కొట్టే పని జోరుగా సాగుతుండగా, ఒక ఉదయం ఫోను తెరిస్తే నా ఖాతా లేదు. దాని స్థానంలో ఒక్క వాక్యం ఉంది. నా ఖాతా తమ నియమాలకు విరుద్ధంగా ఉన్నందున నిలిపివేశారట. ఏ నియమమో చెప్పలేదు. ముందురోజు నేను పెట్టింది పాత పంచె మీద ఆరబోసిన మామిడి ముక్కల ఫోటో. ఆవపిండి ఘాటు అమెరికా దాకా పోయి ఎవరి కళ్లు మండాయో మరి!

"వాళ్లతో ఒకసారి మాట్లాడి చూడవే" అన్నారు మా అత్తగారు.

"మాట్లాడటానికి అక్కడ ఎవరూ ఉండరత్తయ్యా."

"అదేమిటే! ఇంత పెద్ద కొట్టుకి గుమస్తా అయినా ఉండడా?"

లేడు. ఉన్నదల్లా నింపవలసిన ఒక ఫారం. నేను నేనేనని రుజువు చేసుకోవడానికి ఫోను ముందు కూర్చోమన్నారు. ముఖం ఎడమకు తిప్పమంది, కుడికి తిప్పమంది, పైకెత్తమంది. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అన్నిసార్లు తిప్పి చూడలేదు. అంతా అయ్యాక "మీ విజ్ఞప్తి అందినది" అని జవాబు వచ్చింది. అందిన తర్వాత ఏమయిందో ఎన్ని వారాలు గడిచినా తెలియలేదు.

ఈలోగా ఎవరో పెద్దమనిషి ఫోను చేశాడు. పదిహేను వేలిస్తే రెండు రోజుల్లో ఖాతా తెప్పిస్తాట్ట. ముందుగా నా ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పాలట. మావారు ఫోను అందుకుని, "పోయిన ఖాతా సంగతి తర్వాత చూద్దాం, ఉన్న బ్యాంకు ఖాతాను మమ్మల్ని దాచుకోనివ్వండి బాబూ" అని పెట్టేశారు. ఖాతా పోగొట్టుకున్న వారి చుట్టూ ఇలాంటి గద్దలు తిరుగుతూనే ఉంటాయి. జాగ్రత్త సుమండీ!

జాడీలు నిండాయి, ఎవరివో తెలియదు

ఖాతా పోయినందుకు వచ్చిన బెంగ ఒక ఎత్తు, నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒక ఎత్తు. అప్పటికే 43 మంది ఆవకాయకని ముందుగా డబ్బు పంపి ఉన్నారు. అంతా కలిపి యాభై వేల పైచిలుకు. ఎవరికి ఎన్ని కిలోలు, ఏ ఊరికి పంపాలి అన్న ముచ్చట్లన్నీ ఆ ఖాతాలోని ఉత్తరాల్లోనే ఉన్నాయి. ఖాతాతో పాటు ఉత్తరాలూ మాయమయ్యాయి. జాడీల నిండా పచ్చడి ఊరుతోంది. ఎవరిదో మాత్రం తెలియదు! నాకు గుర్తున్నవి "వెన్నెల పాప", "గోదారి గట్టు" వంటి ముద్దుపేర్లు. వెన్నెల పాప ఏ ఊళ్లో ఉంటుందని ఎవరినడగను?

వాళ్ల వైపు నుంచి చూడండి. డబ్బు పంపారు. పంపిన నాలుగో రోజున కొట్టే కనబడలేదు. బోర్డు తిప్పేశారనుకోరూ? నాలుగేళ్లుగా ఒక్క సీసాకు మాట పడకుండా నిలబెట్టుకున్న పేరు అది. డబ్బు నష్టమైతే మరో ఏడు పూడ్చుకోవచ్చు, "తణుకావిడ మోసం చేసింది" అన్న మాట పుడితే దాన్ని తుడవడం నా వల్ల కాదు.

మా వంటింటి తలుపు వెనక ఒక ఇనుప తీగ వేలాడుతూ ఉంటుంది. మామగారి రోజుల్లో ఉత్తరాలు గుచ్చేవారు. ఇప్పుడు అత్తగారు పార్సెలు రసీదులు గుచ్చుతారు. ఏ కాగితమూ పారేయడం ఆవిడకు ఇష్టం ఉండదు. ఆ తీగను దించి నేల మీద పరిచాం. నాలుగేళ్ల రసీదులు! ప్రతి దాని మీదా పేరు, ఇంటి నెంబరు, ఫోను నెంబరు. బ్యాంకు లెక్కలో డబ్బు పంపిన వారి పేర్లు ఒక పక్కన, రసీదుల మీది పేర్లు ఒక పక్కన పెట్టుకుని సరిచూశాం. రాత్రి పదకొండింటికి 24 మంది దొరికారు. అందరూ పాతవాళ్లే.

మిగిలిన 19 మందీ ఆ ఏడే కొత్తగా వచ్చినవారు. రసీదులు లేవు. అప్పుడు మా అమ్మాయికి ఒక ఉపాయం తట్టింది. వాళ్లు ఏ యూపీఐ చిరునామా నుంచి మనకు డబ్బు పంపారో అది బ్యాంకు లెక్కలో ఉంటుంది కదా, ఆ చిరునామాకే తలా ఒక రూపాయి తిరిగి పంపి, దాని వెంట వ్రాసుకోవడానికి ఇచ్చే చోటులో రెండు ముక్కలు వ్రాద్దాం అంది. "మీ ఆవకాయ సిద్ధం. పాత ఖాతా పోయింది. ఈ నెంబరుకు ఫోను చేయండి" అని వ్రాశాం. పందొమ్మిది రూపాయల ఖర్చు.

వారం తిరక్కుండా 16 మంది ఫోను చేశారు. విశాఖపట్నం నుంచి ఒకావిడైతే మమ్మల్ని దుమ్మెత్తిపోసింది. రూపాయి పంపి మాటల్లో పెట్టి ఖాతా ఊడ్చేసే దొంగలున్నారట, మేమూ వాళ్లమేనట. తప్పు పట్టడానికి లేదు, రోజులలా ఉన్నాయి. కాసేపటికి ఆవిడే, "సరే, మీరే ఆవిడైతే, మొన్న చలికాలంలో నాకు పంపిన గోంగూరలో లోపమేమిటో చెప్పండి చూద్దాం" అంది. "ఉప్పు ఎక్కువైందని మీరు నన్ను చివాట్లు పెట్టారు కదండీ" అన్నాను. అంతే, పకపకా నవ్వి చిరునామా చెప్పేసింది. ఏ కంప్యూటరూ అడగలేని ఓటీపీ అది!

పలకని ముగ్గురికీ వాళ్ల డబ్బు వచ్చిన దారినే తిప్పి పంపేశాను. 43 మందిలో ఒక్కరి బాకీ కూడా మా ఇంట్లో ఉండిపోలేదు.

కాని కొత్త బేరాలు వచ్చే దారి మూసుకుపోయింది. ముందు ఏడు వేసవిలో 600 కిలోలు అమ్మిన చోట ఆ ఏడు 240 దగ్గర ఆగింది. ఇద్దరు పనివాళ్లలో ఒకరిని జూను నెలలోనే మాన్పించవలసి వచ్చింది. అమ్మాయి ఫీజు కోసం నా చేతి గాజులు బ్యాంకుకు వెళ్లాయి. 11,000 మంది నన్ను ఎరిగినవాళ్లే. వాళ్లలో ఒక్కరికైనా "నేనిక్కడే ఉన్నాను" అని చెప్పుకోవడానికి నాకు దారి లేదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్న సామెతకు అర్థం అప్పుడు బోధపడింది.

ఇది ఒక్కరి కథ కాదు

ఇలా జరగడానికి కారణాలు అనేకం. పెద్ద మాధ్యమాల్లో రోజూ కోట్లాది ఫోటోలూ మాటలూ వచ్చి పడతాయి. వాటిని మనుషులు కూర్చుని చదవడం అయ్యే పని కాదు కాబట్టి మొదటి జల్లెడ పట్టేది యంత్రమే. యంత్రం పొరబడవచ్చు. గిట్టనివాళ్లు నలుగురు చేరి దొంగ ఫిర్యాదులు పెట్టవచ్చు. దొంగ చేతిలో పాస్‌వర్డు పడితే, అతడు చేసిన తప్పులకు మన ఖాతా శిక్ష అనుభవించవచ్చు.

ఒక్కొక్కప్పుడు ఇల్లే మూతపడుతుంది. ఆర్కుట్ అంటే ఒకప్పుడు మన కుర్రకారుకు ఎంత మోజో గుర్తుందా? 2014 సెప్టెంబరు 30న దాన్ని మూసేశారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న మామూలు జనానికి మూతపడింది. మైస్పేస్ అనే మాధ్యమంలో గాయకులు ఏళ్ల తరబడి పెట్టుకున్న పాటలు, ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మార్చడంలో పోయాయని 2019లో బయటపడింది. తమ దగ్గర వేరే ప్రతి లేని వాళ్లకు ఆ పాటలిక లేనట్టే.

ప్రభుత్వ ఉత్తర్వులతోనూ పోవచ్చు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. మన పల్లెటూళ్లలో పొలం గట్టు మీద నిలబడి పాడి, ఆడి లక్షల మందిని సంపాదించుకున్న వారు తెల్లవారేసరికి ఏ ఒక్కరికీ కాకుండా పోయారు. ఆ నిషేధం మంచి చెడ్డలు వేరే విషయం. అభిమానులను వెంటబెట్టుకుని మరో చోటికి పోవడం వాళ్లకు సాధ్యపడలేదన్నదే ఇక్కడ గమనించవలసింది.

ఎవరి తప్పూ లేకుండా తీగ తెగడమూ ఉంది. 2021 అక్టోబరు 4న మన రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒక్కసారే ఆగిపోయాయి. తమ కేంద్రాలను కలిపే మార్గాల మీద మరమ్మతు చేస్తూ ఇచ్చిన ఒక ఆదేశం వికటించిందని సంస్థవారే చెప్పారు. ఆరుగంటల సేపు ప్రపంచమంతటా కోట్ల మందికి అవి అందలేదు. మూడు జేబుల్లో డబ్బు దాచుకున్నాం అనుకున్నవారికి, ఆ మూడు జేబులూ ఒకే చొక్కావని ఆ రాత్రి తెలిసింది.

ఖాతా ఎవరిది?

చేరేటప్పుడు మనం చదవకుండా "సరే" అని నొక్కే ఒప్పందాల్లో సాధారణంగా ఉండే మాట ఇది: మీరు పెట్టే ఫోటోల మీద హక్కు మీదే. ఖాతా మాత్రం మేము వాడుకోనిచ్చినన్నాళ్లే మీది. అంటే ఆవకాయ నాది, జాడీ నాది, జాడీ పెట్టుకున్న అరుగు వాళ్లది.

సెల్‌ఫోను నెంబరు సంగతి చూడండి. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఒక కంపెనీ నచ్చకపోతే అదే నెంబరు వెంటబెట్టుకుని మరో కంపెనీకి మారే వీలు వచ్చింది. కాబట్టి నెంబరు తెలిసిన చుట్టాలు మనకు దూరం కారు. సామాజిక మాధ్యమాల్లో ఇలాంటి సౌకర్యం లేదు. మన సమాచారమంతా మూటగట్టి ఇవ్వమంటే చాలా సంస్థలు ఇస్తాయి. ఆ మూటలో మన ఫోటోలు ఉంటాయి, అనుసరించే వారి పేర్లూ ఉండవచ్చు. వాళ్ల ఫోను నెంబర్లు ఉండవు.

అలాగని మనకు చట్టం బొత్తిగా దిక్కు లేకుండా పోలేదు. 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం, మన దేశంలో 50 లక్షలకు మించి వాడుకరులున్న సంస్థ ఇక్కడే నివసించే ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. పరిష్కారానికి గడువు ఉంది. నేను ఫిర్యాదు చేసిన 2024లో అది 15 రోజులు. సంస్థ తనంత తానుగా మనం పెట్టినదాన్ని తొలగిస్తే కారణం తెలపాలి, మన వాదన వినాలి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే, 2023 జనవరిలో ప్రభుత్వం నియమించిన మూడు అప్పీలు కమిటీలు ఉన్నాయి. సంస్థ జవాబు అందిన 30 రోజులలోగా ఇంటి నుంచే కంప్యూటరు మీద అప్పీలు పెట్టుకోవచ్చు. ఈ దారి ఉన్నట్టు చాలామందికి తెలియదు.

నేనూ ఫిర్యాదుల అధికారికి వ్రాశాను. అందిందని జవాబు వచ్చింది. గడువు దాటింది. మళ్లీ వ్రాశాను. అప్పీలుకు కాగితాలు సిద్ధం చేసుకుంటూ ఉండగా, ఖాతా పోయిన 64వ రోజున, ఆషాఢ మాసంలో, అది తిరిగి వచ్చింది. "పొరపాటున నిలిపివేశాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని రెండు ముక్కలు. అప్పటికి మామిడికాయ వెళ్లిపోయింది. పెళ్లయ్యాక వచ్చిన మేళగాడికి ఏం తాంబూలం ఇస్తాం?

ఇంట్లోనే చేసుకోదగ్గ పనులు

అప్పటి నుంచి మా ఇంట్లో కొన్ని పద్ధతులు స్థిరపడ్డాయి. మీలో ఎవరికైనా పనికి వస్తాయేమోనని చెబుతున్నాను.

డబ్బు అందిన నిమిషంలోనే పేరు, ఊరు, ఫోను నెంబరు, సరుకు ఒక పొడుగు పుస్తకంలోకి ఎక్కుతాయి. వారానికొకసారి అమ్మాయి దాన్ని కంప్యూటరులోకి కూడా ఎక్కిస్తుంది. ఆ పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వం. నమ్మి ఇచ్చిన చిరునామాలు కదా!

ప్రతి పార్సెలులోనూ మా ఫోను నెంబరు అచ్చు వేసిన చీటీ పెడతాం. ఎక్కడా కనబడకపోతే ఈ నెంబరుకు పలకరించమని దాని మీద ఉంటుంది. సొంత పేరుతో చిన్న వెబ్‌సైటు కూడా పెట్టుకున్నాం. ఆ పేరుకూ ఏటా అద్దె కట్టాలి, నిజమే. అయినా దాన్ని నిలిపిన సంస్థ బాగాలేకపోతే అదే పేరుతో మరో చోటికి మారిపోవచ్చు. గుమ్మం మీది బోర్డు మనతోనే వస్తుంది.

ఫోటోలన్నీ విడిగా ఒక ప్రతి తీసి ఉంచుతాం. ఖాతాకు పాస్‌వర్డు కాక రెండో తాళం కూడా వేస్తే దొంగకు పని కష్టమవుతుంది. ఆ రెండో తాళం ఎప్పుడైనా పోతే వాడుకోమని సంస్థవారు కొన్ని అంకెలు ఇస్తారు. వాటిని కాగితం మీద వ్రాసి బీరువాలో ఇన్సూరెన్సు పత్రాల పక్కన పెట్టాం. వ్యాపారపు ఖాతాకు ఇంట్లో నమ్మకమైన మరొకరిని కూడా నిర్వాహకులుగా చేర్చడానికి వీలుంటే చేర్చాలి.

ఖాతాకు ముడిపడిన ఫోను నెంబరును నిద్రపుచ్చకూడదు. రద్దయిన నెంబరును 90 రోజుల తర్వాత కంపెనీ మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన ఓటీపీలు ఎవరింటికో పోతాయి. ఓటీపీ అడిగినవాడు ఎంత తియ్యగా మాట్లాడినా దొంగే అనుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోను చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది నెలకొకసారి వేసుకోవలసిన లెక్క. ఈ నెల వచ్చిన బేరాల్లో ఎన్ని ఆ ఒక్క ఖాతా ద్వారా వచ్చాయి? 2024 వేసవికి ముందు మాకు పదింట తొమ్మిది. ఇప్పుడు పదింట నాలుగు. మిగతావి ఫోనుకూ, వెబ్‌సైటుకూ, తిన్నవాళ్లు చెప్పగా విన్నవాళ్ల నుంచీ వస్తున్నాయి. మరుసటి ఏడు గాజులు విడిపించుకున్నాను. మాన్పించిన ఆవిడ మళ్లీ పనిలోకి వచ్చింది.

ఇంత జరిగాక ఆ ఖాతా ఎందుకని కొందరు అడుగుతారు. నాకు దాని మీద కోపం లేదు. మూలనున్న తణుకు ఆవకాయను డల్లాసు దాకా చూపించింది అదే. వారపు సంత లాంటిది అది. సంతకు వెళ్లాలి, సరుకు పరవాలి, పది మందినీ పిలవాలి. సాయంత్రానికి ఎంతమంది పరిచయమయ్యారో వాళ్ల పేర్లు చెంగున ముడి వేసుకుని ఇంటికి రావాలి. చుట్టాలు ఊరంతా ఉండనివ్వండి. ఉట్టి మాత్రం మన ఇంటి దూలానికే కట్టుకుందాం.